ఎడమచేతి అతుకు

పోయినవారం సులువాన్‌ను మనం తాయ్‌పింగ్‌లోని సైకిళ్ళ షాపు గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. ఆదివారం కొండ ఎక్కుతున్నప్పుడు క్లబ్బు కెప్టెన్ కో మాస్టారు అందరి ముందూ అన్న మాట ఆమె చెవుల్లో ఇంకా గింగురుమంటూనే ఉంది. "ఊలింగ్ కనుమకి కూరగాయల బుట్ట సైకిలు రాదమ్మా. నీ ఒక్కదాని కోసం పదిమందిమి పైన చలిలో వణుకుతూ కూర్చోలేం." యాభై నాలుగేళ్ళ సులువాన్ మూడు రోజులు తన టిఫిన్ దుకాణంలో గుడ్డురొట్టెలు తిరగేస్తూ, సోయా పాలు పోస్తూ, ఆ మాటనే నమిలింది. నాలుగో రోజు పదిన్నరకల్లా దుకాణం కట్టేసి, ఏప్రన్ విప్పడం కూడా మరిచిపోయి, పదకొండేళ్ళుగా తొక్కుతున్న బుట్ట ఉన్న హైబ్రిడ్ సైకిలెక్కి నేరుగా ఇక్కడికి వచ్చేసింది.

సైకిలు బయట స్టాండులో పెట్టి లోపలికి అడుగుపెట్టగానే ఆమెకు మొదట కనిపించింది కో మాస్టారే.

షాపు మధ్యలో ఉన్న చిన్న టీ బల్ల దగ్గర దర్జాగా కూర్చుని ఉన్నారాయన. బిగుతైన సైకిలు చొక్కా, నెత్తిన ఎర్ర టోపీ. వ్యాయామం టీచరుగా పదవీ విరమణ చేసి ఆరేళ్ళయినా గొంతులో ఇంకా ఈల మోగుతూనే ఉంటుంది. పక్కన ఆషుయ్. బజారులో టోఫు అమ్ముతాడు, నోరు ఊరుకోదు. మాస్టారి కార్బన్ సైకిలు గోడకు ఆనించి ఉంది, ఒంటి మీద దుమ్ము చుక్క లేకుండా.

"ఓహో, సులువాన్ చెల్లెమ్మ వచ్చింది! బుట్టకి కొత్త పట్టీ వేయించడానికా?" అన్నాడు ఆషుయ్.

"రోడ్డు సైకిలు కొనడానికొచ్చా" అంది సులువాన్.

కో మాస్టారు కప్పు కింద పెట్టారు. "మొన్న అన్నదానికి కోపంతో వచ్చావా? కోపంతో సైకిలు కొనకూడదమ్మా. ఇన్నాళ్ళూ నిటారుగా కూర్చుని తొక్కిన నడుము. ఈ వయసులో కిందికి వంగిన హ్యాండిల్ పట్టుకుంటే వారం రోజుల్లో మెడ పట్టేస్తుంది. ఆ తర్వాత అది బట్టలారేసుకోవడానికి పనికొస్తుంది, అంతే."

షాపు నడిపే పెయ్‌రూ పనిబల్ల దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మోచేతుల దాకా గ్రీజు, మొహాన నవ్వు. "ఆయన మాటకేంలే అక్కా, నువ్విటు రా. ఇదిగో, ఆడవాళ్ళ సైజు. మొదటిసారి కొనేవాళ్ళు ఇదే తీసుకుంటారు. రంగు కూడా గులాబీ."

సులువాన్ గులాబీ సైకిలు దగ్గర ఆగింది. ధర చీటీ చూడలేదు. వంగి, సీటు గొట్టమూ పై గొట్టమూ కలిసేచోట బొటనవేలు ఆనించింది. ఒక్క క్షణం. తర్వాత పక్క సైకిలు. మళ్ళీ అదే చోట వేలు. అలా గోడ పొడుగునా ఒక్కొక్కటీ తడుముతూ పోతుంటే ఆషుయ్ ముసిముసిగా నవ్వాడు. "బజార్లో పుచ్చకాయలు కూడా ఇలాగే నొక్కి చూస్తుంది ఈవిడ."

వరసలో చివర, పాత సైకిళ్ళు వేలాడే మూల, ముదురు ఆకుపచ్చ రంగు రోడ్డు సైకిలొకటి కొక్కేనికి ఉంది. అల్యూమినియం ఫ్రేము. అక్కడక్కడా రంగు లేచింది. సులువాన్ వేలు దాని అతుకు మీద ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది.

"అక్కా?" అంది పెయ్‌రూ.

"దీన్ని కిందికి దించు."

"అది పాతదక్కా. పదిహేడేళ్ళ నాటిది. తైపేలో ఎవరో వాడి వాడి అమ్మేశారు. పెడళ్ళ ఇరుసు కూడా బాగు చెయ్యాలి, ఇంకా విప్పలేదు."

"దించవే తల్లీ."

దించారు. సులువాన్ నేల మీద గొంతుక్కూర్చుని ఫ్రేమును ఒళ్ళోకి వంచుకుంది. గొట్టాలు కలిసే ప్రతిచోటా రంగు కింద చేప పొలుసుల్లా సన్నటి అలలు. ఒకదాని మీద ఒకటి, ఒక్కటీ గతి తప్పకుండా. ఆమె కళ్ళు చెమర్చలేదు. మొహం మాత్రం మారింది. అద్దాల దుకాణం ముందు నుంచి పోతూ చప్పున తనను తాను చూసుకున్న మనిషిలా మారింది.

"ఇది నాది" అంది.

"నీదా? ఎప్పుడు పోయింది? పోలీసు రిపోర్టు ఇచ్చావా?" అన్నాడు ఆషుయ్.

"పోయింది కాదు. నేను చేసింది. ఈ అతుకులు పెట్టింది నేను."

కో మాస్టారు నవ్వారు. చెడ్డ నవ్వేం కాదది. తప్పు లెక్క చేసిన పిల్లని చూసి టీచరు నవ్వే నవ్వు. "నువ్వు షెన్కాంగ్ ఫ్యాక్టరీలో పనిచేశావని విన్నాలే. కానీ అమ్మా, ఈ చుట్టుపక్కల వెల్డింగ్ చేసినవాళ్ళు వేలమంది. గోడ మీద సైకిలు చూసి నాదీ అంటే ఎలా? రేపు నేను ఒలింపిక్స్ చూసి, ఆ పరిగెత్తేవాళ్ళంతా నా శిష్యులే అంటాను."

సులువాన్ లేచి నిలబడింది. క్లబ్బులో చేరిన ఈ మూడేళ్ళలో ఆమె ఆయనకు ఎదురు మాట చెప్పిన పాపాన పోలేదు.

"మాస్టారూ, ఇటు రండి. ఆ గులాబీది చూడండి. పొలుసులు ఎటు ఒరిగాయి?"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "ఎడమకి."

"దాని పక్కది?"

"అదీ ఎడమకే."

"ఈ ఆకుపచ్చదో?"

కో మాస్టారు వంగారు. ఇంకాస్త వంగారు. "కుడికి" అన్నారు నెమ్మదిగా.

"కుడిచేతి వాళ్ళు వెల్డింగ్ టార్చి కుడిచేత్తో పట్టుకుని ఇటు నుంచి అటు పోతారు. నాది ఎడమచేతి వాటం. అటు నుంచి ఇటు వస్తాను. మా లైనులో నలభై ఇద్దరం. ఎడమచేతిదాన్ని నేనొక్కదాన్నే. చేరిన కొత్తలో సూపర్‌వైజరు నా ఎడమచేతికి గుడ్డ కట్టి, కుడిచేత్తో చెయ్యమన్నాడు. చేశాను. వారం రోజులు ఒక్క ఫ్రేము పాసవలేదు. ఎనిమిదో రోజు నేనే గుడ్డ విప్పేసి చేశాను. ముప్పై ఫ్రేములూ పాసయ్యాయి. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు నా చెయ్యి జోలికి ఎవడూ రాలేదు."

"బాగుంది" అన్నారు మాస్టారు. ఆయన గొంతు కొంచెం తగ్గింది, పట్టు మాత్రం సడలలేదు. "కానీ ఊరంతటికీ ఎడమచేతి మనిషివి నువ్వొక్కదానివే కాదుగా. ఇంకో ఫ్యాక్టరీలో ఇంకొకరు ఉండొచ్చు. ఇది సూచన. రుజువు కాదు."

"రుజువు కావాలా?" సులువాన్ పెయ్‌రూ వైపు తిరిగింది. "ఇరుసు బాగు చెయ్యాలన్నావుగా. ఇప్పుడే విప్పు. గొట్టం లోపలి అంచున వెల్డరు నంబరు కొట్టి ఉంటుంది. ఎక్కడైనా ఫ్రేము విరిగితే ఎవరి మెడ పట్టుకోవాలో తెలియాలని కొట్టించేవాళ్ళు. నా నంబరు అరవై ఒకటి. అది లేకపోతే రేపట్నుంచి నేను ఆదివారాలు రాను. మీ క్లబ్బు చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి మీ ఇంటికి పంపిస్తా."

"ఉంటే?" అన్నాడు ఆషుయ్, ఆత్రం పట్టలేక.

"ఉంటే ఊలింగ్ జాబితాలో నా పేరు రాయాలి. మాస్టారే రాయాలి. సొంత చేత్తో."

కో మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి తలూపారు. పరీక్ష అంటే వెనక్కి తగ్గే మనిషి కాదాయన.

పెయ్‌రూ సైకిలును చక్రాలు పైకి ఉండేలా స్టాండుకు బిగించింది. పెడళ్ళ చేతులు ఊడదీసింది. ఇరుసు ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి ఉంది. పొడవాటి పానా వేసి ఒంటి బరువంతా మోపితే చివరికి కీచుమంటూ కదిలింది. లోపల నల్లటి గ్రీజు. గుడ్డతో తుడిచి, టార్చిలైటు వేసి తొంగిచూసింది.

"ఏదో ఉంది" అంది పెయ్‌రూ. "రెండంకెలు."

"జరుగమ్మా." కో మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వంగారు. చాలాసేపు చూశారు. లేచేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. "19! స్పష్టంగా 19. అయ్యో సులువాన్, నిజంగానే బాధగా ఉందమ్మా నాకు."

ఆషుయ్ పెదవి విరిచాడు. పెయ్‌రూ తల దించుకుంది.

సులువాన్ నవ్వింది. పకపకా, గట్టిగా. దుకాణంలో పొద్దున్నే తొందరపెట్టే బేరగాళ్ళని చూసి నవ్వే నవ్వు అది. "మాస్టారూ, సైకిలు తలకిందులుగా బిగించి ఉంది. మీరు మాత్రం నిటారుగా నిలబడి చదువుతున్నారు."

"అంటే?"

"అంకెల కింద గీత లేదూ?"

ఆయన మళ్ళీ వంగారు. "గీతా... ఉంది. పైన ఉంది."

"పైన కాదు, అది కింద. 61కీ 19కీ తికమక రాకూడదనే మా ఇద్దరికీ కింద గీత కొట్టారు. పందొమ్మిదో నంబరు ఆతావ్‌ది. నా పక్క బల్లే. ఆమెది శుద్ధ కుడిచేతి వాటం."

పెయ్‌రూ స్టాండు పిడి వదులు చేసి సైకిలును మెల్లగా తిప్పింది. చక్రాలు కిందికి వచ్చాయి. టార్చిలైటు వెలుగులో, గీత మీద కుదురుగా కూర్చుని, 61 కనిపించింది.

ఆషుయ్ బల్ల మీద దబదబా చరిచాడు. కప్పులు ఎగిరిపడ్డాయి. "మాస్టారూ! పెన్ను కావాలా, నా దగ్గర పెన్సిలు ఉంది!"

కో మాస్టారు చొక్కా వెనక జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. ముత్యాల్లాంటి అక్షరాలతో పదకొండో పేరు రాశారు. రాసి, కలం మూత పెట్టకుండానే అడిగారు. "ఇరవై ఆరేళ్ళు ఇలాంటివి చేశావు. ఒక్కటీ ఎక్కలేదా?"

"ఎక్కడానికి చెయ్యలేదు మాస్టారూ. పంపించడానికి చేశాం. కంటెయినరు నిండగానే తలుపేసేవాళ్ళు. అది ఏ దేశం పోయిందో, ఎవడు ఏ కొండెక్కాడో మాకేం తెలుసు. ఫ్యాక్టరీ మూసేసిన రోజు కూడా నేను హైబ్రిడ్ మీదే ఇంటికెళ్ళాను."

"సరే. పేరు రాశాను. కానీ పేరు రాస్తే కొండ వంగదు."

ఆ మాటకు సులువాన్ మెడ కొంచెం నిక్కింది. "మూడేళ్ళుగా నా పదమూడు కిలోల సైకిలుతో మీ వెనకాల వస్తున్నా. ముందు బుట్ట, వెనక స్టాండు, లావు టైర్లు. ఆలస్యంగా వచ్చానేమో గానీ, ఒక్కరోజైనా మధ్యలో దిగి వెనక్కి పోయానా? మీరెప్పుడైనా దాన్నెక్కి ఆ కొండ వైపు చూశారా మాస్టారూ?"

ఆయన గుమ్మంలోంచి బయట ఉన్న బుట్ట సైకిలు వైపు చూశారు. బల్ల మీద టీ చల్లారిపోయింది.

కొత్త ఇరుసు బిగించేసరికి ముప్పావు గంట పట్టింది. పెయ్‌రూ సులువాన్‌ను సైకిలెక్కించి, సీటు పెంచి, తగ్గించి, మోకాలి దగ్గర దారం వేలాడదీసి కొలిచి, చివరికి సరే అంది. "అక్కా, ఒక్కటి గుర్తుపెట్టుకో. గేరు మీట బొటనవేలి కింద ఉండదు. బ్రేకు పిడినే లోపలికి నెట్టాలి. వంతెన దాకా పోయి రా. ఏటి రోడ్డు ఖాళీగా ఉంటుంది."

మొదటి రెండొందల గజాలు పరువు తక్కువగానే గడిచాయి. హైబ్రిడ్ మీద నిటారుగా కూర్చుని ఇరువైపులా దుకాణాల బోర్డులు చదువుతూ పోయే అలవాటు. ఇక్కడ కూర్చోగానే ఒళ్ళంతా ముందుకు పడింది. కళ్ళ ముందు రోడ్డు తప్ప ఇంకేం లేదు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక ఒకసారి పైన, ఒకసారి పక్కన పట్టుకుంది. గేరు కోసం బొటనవేలితో గాలిని నొక్కింది. సైకిలు పాములా మెలికలు తిరిగితే వెనక స్కూటరువాడు హారన్ మోగించి, "పిన్నీ, రోడ్డంతా నీదేనా!" అని అరిచిపోయాడు.

"ఇవాళ్టికి నాదే!" అని తనూ అరిచింది. అరిచాక తనకే ఆశ్చర్యమేసింది.

ఏటి రోడ్డు ఎక్కాక ఒకచోట, పిడిని లోపలికి నెట్టడం వేలికి దానంతటదే వచ్చేసింది. గొలుసు టక్కున మారింది. కాలు ఒక్కసారి నొక్కింది. సైకిలు ముందుకు దూకింది.

దూకడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. హైబ్రిడ్‌ను తొక్కితే, అది కాసేపు ఆలోచించి కదిలేది. ఇది అడగక ముందే పోతోంది. సన్నటి టైర్లు రోడ్డు మీద కూనిరాగం తీస్తున్నాయి. గాలి ఇన్నాళ్ళూ గుండెల మీద చేత్తో ఆపినట్టుండేది. ఇవాళ భుజాల మీంచి జారిపోతోంది. గతుకు వచ్చినప్పుడల్లా ఫ్రేములోంచి సన్నని అదురు అరచేతుల్లోకి పాకుతోంది. ఏ అతుకు మీదుగా ఆ అదురు వస్తోందో ఆమెకు తెలుసు. ప్రతి అతుకూ తనే పెట్టింది. పదిహేడేళ్ళ పాటు ఎవరెవరో తొక్కారు. ఎక్కడా బీట రాలేదు.

నాన్న బతికున్నప్పుడు, ఫ్యాక్టరీలో ఏం చేస్తావే అని అడిగితే, గొట్టాలు అతికిస్తా అని చెప్పేది. అంతకుమించి చెప్పుకోవడానికేముందని అనిపించేది. ఇప్పుడు వంతెన మీద ఆగి, ఆయాసపడుతూ, ఒంటి కాలి మీద నిలబడి, ఆ ఆకుపచ్చ ఫ్రేమును చూస్తుంటే నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "బాగా చేశావే సులువాన్." చుట్టూ ఎవరూ లేరు. ఉన్నా ఆమె సిగ్గుపడేది కాదు.

తిరిగి వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. మెడ నిజంగానే లాగుతోంది. అయినా ఆ సంగతి మాస్టారికి చచ్చినా చెప్పకూడదనుకుంది. షాపు ముందు ఆగి, కాలు కింద పెట్టి, "పెయ్‌రూ, ఇది కొక్కేనికి మళ్ళీ ఎక్కదు. కాగితాలు తయారు చెయ్యి!" అని కేకేసింది.

పెయ్‌రూ బయటికి వచ్చింది. ఆషుయ్ కూడా వచ్చాడు. ఇద్దరి మొహాల్లోనూ అదోరకం నవ్వు.

"ఏంటి?"

ఆషుయ్ ఆమె పాత సైకిలు పెట్టిన స్టాండు వైపు గడ్డంతో చూపించాడు. స్టాండు ఖాళీ. లోపల గోడకు ఆనించి కార్బన్ సైకిలు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"నువ్వెళ్ళిన పావుగంటకి మాస్టారు లేచాడు చెల్లెమ్మా. 'ఆవిడ అడిగింది నిజమే. నేనెప్పుడూ ఎక్కి చూడలేదు' అన్నాడు. నీ బుట్ట సైకిలెక్కి 136 నంబరు రోడ్డు వైపు పోయాడు. కొండ మీద దాకా వెళ్ళి వస్తాట్ట. బుట్టలో నీళ్ళ సీసా కూడా పెట్టుకున్నాడు, భలే ఉన్నాడులే!"

సులువాన్ నవ్వలేదు.

"ఫోను చెయ్యండి ఆయనకి."

"ఫోను ఇక్కడే వదిలేశారు." పెయ్‌రూ నవ్వు కూడా ఆగింది. "ఏమైందక్కా?"

"వెనక బ్రేకు తీగ తెగిపోవడానికొచ్చింది. రెండు పోగుల మీద ఉంది. ముందు బ్రేకు రబ్బర్లు అరిగి రేకు తేలాయి. అది మార్పించుకోవాలని కూడా ఇవాళ వచ్చాను. ఇక్కడ దీన్ని చూశాక..." ఆకుపచ్చ ఫ్రేము మీద చెయ్యేసింది. "దీన్ని చూశాక ఒళ్ళు మరిచిపోయాను. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనుండదు. ఆయనకి తెలియదు. దిగేటప్పుడే తెలుస్తుంది."

పెయ్‌రూ వ్యాను తాళాల కోసం లోపలికి పరిగెత్తింది. వ్యాను వెనక దారికడ్డంగా ఇవాళే దిగిన సైకిలు పెట్టెలు, ఒకదాని మీద ఒకటి. అవి తీసి వ్యాను కదిలేసరికి ఎంతసేపవుతుందో సులువాన్ ఒక్క చూపులో తెలుసుకుంది. ఏప్రన్ ముడి విప్పి ఆషుయ్ చేతిలో పడేసింది.

"చెల్లెమ్మా, నువ్వు దాన్నెక్కి గంటయినా కాలేదు!"

ఆమె అప్పటికే రోడ్డు మలుపు తిరిగింది.

136 నంబరు రోడ్డు మొదటి రెండు కిలోమీటర్లూ ఎవరినైనా మోసం చేస్తుంది. మూడో దాంట్లో అసలు రంగు చూపిస్తుంది. నాలుగో కిలోమీటరు రాయి దగ్గర ప్రతి ఆదివారం సులువాన్ ఆగి, నీళ్ళు తాగి, ఒక నిమిషం హ్యాండిల్ మీద తల వాల్చేది. ఇవాళ ఆ రాయి ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. సీటు మీంచి లేచి నిలబడి తొక్కింది. గుండె గొంతులో కొట్టుకుంటోంది. తొడలు మండుతున్నాయి. కానీ తొక్కిన ప్రతి తొక్కూ రోడ్డుకే పోతోంది, ఒక్కటీ వృథా కావడం లేదు. ఎదురుగా దిగివస్తున్న ఇద్దరు కుర్రవాళ్ళు ఆమెను చూసి బొటనవేళ్ళెత్తారు. "ఎర్ర టోపీ ముసలాయన కనిపించాడా?" అని అరిచింది. "కనిపించాడు పిన్నీ! పైకి పోతున్నాడు, పాట పాడుకుంటూ!"

ఆరో కిలోమీటరు దాటాక రోడ్డు కొండ పక్కన మెలిక తిరుగుతుంది. అక్కడ లోయకు అవతలి వైపు, పై వంపు మొత్తం కళ్ళకు కడుతుంది.

అక్కడ ఉన్నారాయన. ఆఖరి వంపు మీద, టీ కొట్టు ముందు, హైబ్రిడ్ పక్కన నిలబడి సీసాలో నీళ్ళు తాగుతున్నారు. ఎర్ర టోపీ తీసి మొహం తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"మాస్టారూ!" సులువాన్ ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది. "దిగొద్దు! బ్రేకు లేదు! అక్కడే ఉండండి!"

లోయలో గాలి ఆ కేకను ఎటో ఈడ్చుకుపోయింది. అయినా ఏదో వినిపించినట్టు ఆయన తలెత్తి ఇటు చూశారు. ఆకుపచ్చ సైకిలును గుర్తుపట్టారు. ఆమె అంత వేగంగా అక్కడిదాకా వచ్చేసిందని చూసి, అంత దూరం నుంచి కూడా తెలిసేటంత విశాలంగా నవ్వారు. మెచ్చుకుంటున్నట్టు చెయ్యి పైకెత్తి ఊపారు.

ఆ ఎత్తిన చెయ్యి దించకుండానే, ఆయన ఆమె పాత సైకిలెక్కి, వాలు మీదికి దిగారు.